కసాయి అని రాసింది నేనే

మనుషులను ముద్రలతో కాక పేర్లతో పిలిచే దేవునికి స్తోత్రం. తీర్పు తీర్చే హక్కును తన దగ్గరే ఉంచుకున్నందుకు ఆయనకు మరీ మరీ స్తోత్రం. ఆ హక్కును నేను దొంగిలించాను. చాలా ఏళ్లుగా ఆ బరువు మోస్తున్నాను. ఇవాళ ఈ సాక్ష్యం మీకు రాసి పంపకపోతే వచ్చే ఆదివారం మళ్లీ మందిరంలో నిలబడి, నాలుకను అదుపులో పెట్టుకోండని నలుగురికీ బోధిస్తాను. ఆ బోధ నాకే అసహ్యంగా ఉంది.

అప్పుడు నేను సూర్యాపేటలో విలేకరిని. ఒక మధ్యాహ్నం బస్టాండులో బెంచీ మీద పసిపాప ఒంటరిగా ఏడుస్తోందని తెలిసి వెళ్లాను. పోలీసులు పాపను తీసుకెళ్లారు. నేను వార్త రాశాను. శీర్షిక కోసం ఆలోచించనైనా లేదు. ‘కసాయి తల్లి’. చెయ్యి దానంతటదే రాసేసింది. అలాంటి వార్తకు అలాంటి మాట మా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

సాయంత్రం, పేజీ ఇంకా పూర్తికాకముందే, తెలిసిన కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. తల్లి తిరిగొచ్చిందట, పాపను ఆమెకే అప్పగించారట. పుట్టిల్లు పెన్‌పహాడ్ దగ్గర, అత్తగారిది మిర్యాలగూడ వైపు. పాపకు జ్వరమని, పక్కనున్న ముసలమ్మ చేతికిచ్చి మందుల దుకాణానికి వెళ్లింది. ఇంతలో కోదాడ బస్సు వస్తే ముసలమ్మ పాపను బెంచీ మీద పడుకోబెట్టి ఎక్కేసింది.

ఆ ఫోన్‌లో విన్నదాంట్లోంచి నేను తీసుకున్నదేమిటో తెలుసా? ఆమె పేరు, ఊరు. వాటిని వార్తలో కలిపాను. మిగతాది వదిలేశాను. ఎందుకు? నిజం చెబితే వార్త చచ్చిపోతుంది. పేరు కలిపితే ఇంకా పెద్దదవుతుంది. ఇంతకన్నా మంచి కారణం ఏమైనా ఉందేమోనని ఏళ్ల తరబడి నాలో నేను వెతుక్కున్నాను. లేదు.

మేం రాసే భాష మీద నాకు ఒళ్లు మండిపోతోంది. తాగి బండి నడిపి మనిషిని గుద్ది చంపినవాణ్ణి ‘మందుబాబు’ అని ముద్దుగా పిలుస్తాం. భార్య పుస్తెలు పేకలో పోగొట్టినవాడికి ‘పేకాటరాయుడు’ అని బిరుదిస్తాం. ఆడదైతే మాయలేడి, కిలేడీ, కసాయి. ఈ మాటలు రాసిన చేతులనే జోడించి తెల్లారగానే మోకాళ్లూనిన నన్నేమనాలి? నాకు తగిన మాట ఒక్కటీ మా పేపర్లో ఏనాడూ రాలేదు.

కొన్ని వారాలకు ఆమె మా ఆఫీసు మెట్ల దగ్గరకు వచ్చింది. చంకలో పాప లేదు. అత్తగారు పేపరును పెద్దమనుషుల ముందు పెట్టి, పాపను ఉంచుకుని, తనను పుట్టింటికి తోలేశారని చెప్పింది. తప్పు రాశామని మళ్లీ పేపర్లో వస్తే పాపను ఇస్తామన్నారట. ఆమె పుట్టింటివాళ్లది గొర్లు పెంచే ఇల్లు. ఏడవకుండానే అంది:

“కసాయాయన మా ఇంటికొస్తడు సార్, గొర్లు కొననీకి. ఆయన గూడ పట్టుకపోయే ముందు దానికి నీళ్లు తాపుతడు. మీరు నన్ను ఒక్క మాటన్న అడగకపోతిరి.”

“నా చేతిల ఏం లేదమ్మా. పైవాళ్లు ఒప్పుకోరు.”

“అడిగిన్రా?”

“అడిగిన. కాదన్నరు.”

నమ్మింది. నాకే దండం పెట్టి మెట్లు దిగిపోయింది.

నేను అడగలేదు. ఎవరినీ అడగలేదు. అడిగితే, ముందే తెలిసి ఎందుకు దాచావని నన్ను నిలదీస్తారు. ఒక తల్లికి బిడ్డ దూరమవడం, నాకు చీవాట్లు పడటం: ఈ రెండింటిలో నేను ఏది ఎంచుకున్నానో మీరే చూశారు. ఆ పాప మిర్యాలగూడ వైపే పెరిగి పెద్దదయింది, తల్లి తనను పారేసిందని నమ్ముతూ.

ఇప్పుడు కూడా పేరు లేకుండానే రాస్తున్నాను. ఆమె పేరును ఊరితో సహా అచ్చువేసినవాణ్ణి, నా పేరును మాత్రం ఎంత భద్రంగా దాచుకుంటున్నానో చూడండి.

నాతో కలిసి ప్రార్థించండి. నా క్షమాపణ కోసం వద్దు. అది ఇవ్వాల్సింది ఆమె. ఆ అమ్మాయికి ఈ సంగతి చేరాలని ప్రార్థించండి: మీ అమ్మ నీ మందు కోసం వెళ్లింది. తిరిగొచ్చింది.

ఆ రోజు నేను రాయాల్సిన వార్త ఇదే. ఇప్పటికి రాశాను.