కుట్టుకి వదలని కొలత

మా మనవరాలు మందుల లెక్కల పరీక్షలో ఇరవైకి ఇరవై తెచ్చుకుంది. మూడో ప్రయత్నంలో తెచ్చుకుంది. ఆ సంగతి దాచాలని నాకూ లేదు, తనకీ లేదు. మొదటిసారి పదిహేడు, రెండోసారి పంతొమ్మిది. మామూలు బడిలో పంతొమ్మిది వస్తే పిల్లని పక్కింటివాళ్ళకి కూడా చూపించి మురిసిపోతాం. నర్సు చదువులో ఈ ఒక్క పరీక్షకి మాత్రం పంతొమ్మిదన్నా సున్నా అన్నా ఒకటే. ఇరవై లెక్కలూ సరిగ్గా ఉండాలి. మూడుసార్లు రాయనిస్తారు. మూడోసారి ఒక్కటి తప్పినా పేరు కొట్టేసి ఇంటికి పంపేస్తారు. మా పిల్ల ఆ అంచు దాకా వెళ్ళి, అక్కడ నిలబడి, గెలిచి వచ్చింది.

నేను దర్జీని. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. నలభై తొమ్మిదేళ్ళుగా మెళ్ళో టేపు వేసుకుని బతుకుతున్నాను. నర్సింగ్ స్కూలు వాళ్ళు సంచిక వేస్తున్నారట, ఇంటి పెద్దలు తమ పిల్లల గురించి రెండు పేజీలు రాసి పంపాలట. నేను కొంచెం ఎక్కువే రాస్తున్నాను. కత్తిరించుకునే వాళ్ళు కత్తిరించుకుంటారు.

మా అమ్మాయి కూతురు ఈ పిల్ల. చిన్నప్పుడు సన్నగా పుల్లలా ఉండి, తల మాత్రం గుండ్రంగా ఉండేది. పైగా కొట్లో నేల మీద పడిన గుండుసూదులన్నీ అయస్కాంతం పట్టుకుని ఏరేది. అందుకని గుండుసూది అని పిలిచాం, అదే ఉండిపోయింది. ఆరేళ్ళప్పుడు సూదులు ఏరింది. తొమ్మిదేళ్ళప్పుడు నా కళ్ళజోడు విరిగితే పది రోజులపాటు కొలతల పుస్తకం తనే చదివి వినిపించింది, ఒక్క చొక్కా కూడా పాడుకాలేదు. పద్నాలుగో ఏట కాలరు తిప్పింది. కాలరు తిప్పడమంటే ఏమిటో దర్జీలకి తెలుస్తుంది. మిగతావాళ్ళు నా మాట నమ్మండి, పెద్ద విషయమే.

పన్నెండో తరగతి అయ్యాక కొట్లోనే కూర్చుంది. నేను కత్తిరించేవాణ్ణి, మా అమ్మాయి మిషను తొక్కేది, గుండుసూది కాజాలు, గుండీలు, ఇస్త్రీకి పంపడం చూసుకునేది. అలా ఐదేళ్ళు. ఇక తన జీవితం ఇంతే అనుకున్నాం. బాగానే ఉంది కదా అని కూడా అనుకున్నాం.

అప్పుడు మా అమ్మాయికి జబ్బు చేసింది. ఆసుపత్రిలో చేర్చాం. వివరాలు రాసుకునే నర్సమ్మ వచ్చి, "ఇంతకుముందు ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగింది.

"పొద్దున ఒక తెల్ల మాత్ర, రాత్రికి పసుపుపచ్చది" అన్నాను.

"పేరు?"

"పేరంటే... చిన్నదమ్మా. మధ్యలో గీత ఉంటుంది."

నర్సమ్మ కలం ఆపి మా ముగ్గురి ముఖాలూ చూసింది. గీత ఉన్న తెల్ల మాత్రలు ఆ ఆసుపత్రిలో ఎన్ని వందలుంటాయో నాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు తెలియదు. గుండుసూది రెండు బస్సులు మారి ఇంటికెళ్ళి, చెత్తబుట్ట బోర్లించి, మందుల ఖాళీ అట్టలు రెండూ వెతికి పట్టుకొచ్చింది. పదకొండు రోజులకి వాళ్ళమ్మ నడిచి ఇంటికొచ్చింది. పన్నెండో రోజు తను నర్సింగ్ స్కూలు దరఖాస్తు తెచ్చుకుంది.

మా కొట్టు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకునే ఆయన్ని తను బాబాయి అంటుంది. ఆయనకి ఎవరినైనా ఆటపట్టించకపోతే పొద్దు గడవదు.

"ఏమే, గుండుసూదీ! సూదులు ఏరడం అయిపోయింది, ఇప్పుడు జనానికి గుచ్చడం మొదలెడతావా?"

"మొదటిది నీకే బాబాయ్. కూర్చోడానికి లేకుండా చేస్తా."

"వద్దు తల్లీ, నేను నిలబడి చేసే పనివాణ్ణి, నన్నొదిలెయ్."

అలా చేరింది, ఇరవై మూడేళ్ళకి. తరగతిలో అందరికన్నా పెద్దది. అందరూ అక్కా అనేవాళ్ళే.

అన్ని పాఠాల్లోకీ మందుల పాఠం గట్టిది. చెప్పేది పాతికేళ్ళు వార్డుల్లో పనిచేసి వచ్చిన ఒక మేడమ్. పిల్లలు ఆవిణ్ణి మందుల మేడమ్ అంటారు. ఏ మందు దేనికి, ఒంట్లో ఎటు పోతుంది, ఎంతసేపు ఉంటుంది, ఎలా బయటికి పోతుంది, ఏం చెడు చేస్తుంది, ఇవన్నీ ప్రతి మందుకీ చెప్పాలి. గుండుసూది మా కొట్లో నమూనాలు గీసే మందపు కాగితాన్ని చీటీలుగా కోసి, ఒక్కో చీటీ మీద ఒక్కో మందు రాసి, కుట్టిన బట్టలు వేలాడదీసే తీగకి పిన్నులు పెట్టి తగిలించింది. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు ప్యాంట్ల మధ్య మందుల పేర్లు చదువుకుంటూ నిలబడేవారు.

నేనూ కొన్ని నేర్చుకున్నాను. 'లాల్' అని ముగిసే పేర్లు గుండె పరుగు తగ్గించేవట. 'ప్రిల్' అని ముగిసేవి రక్తపోటుకట, కొందరికి వాటివల్ల పొడి దగ్గు వస్తుందట. ఆ చీటీ రాస్తూ రాస్తూ తను తలెత్తి నావైపు చూసింది.

"తాతయ్యా, నీ బీపీ మాత్ర అట్ట ఇటివ్వు."

చూసింది. ప్రిల్. నాకు అప్పటికి ఏడు నెలలుగా దగ్గు.

"అయితే రేపట్నుంచి మానేస్తాను" అన్నాను.

"మానడానికి నువ్వెవరు, మాన్పించడానికి నేనెవరు? డాక్టర్ దగ్గరికి పద."

డాక్టరు మాత్ర మార్చాడు. మూడు వారాలకి దగ్గు పోయింది. మొదటి ఏడాదిలోనే తాత దగ్గు ఆపిన నర్సు మా మనవరాలు. ఇది కూడా సంచికలో ఉండాల్సిందే.

ఇంత తెలిసిన పిల్ల లెక్కల దగ్గర రెండుసార్లు ఎందుకు బోల్తా పడింది? కూడికలు రాకనా? కాదు. కొలతల పుస్తకం మోసిన పిల్ల అది. రెండోసారి తప్పాక మందుల మేడమ్ రెండు పేపర్లూ బల్ల మీద పక్కపక్కన పరిచి చూపించిందట. ఆ మాటలు ఇంటికొచ్చి మాకు చెప్పింది.

"నీకు లెక్క వచ్చు. చివరి మెట్టు దాకా సరిగ్గానే వేశావు. రెండు పాయింట్ నాలుగు మిల్లీలీటర్లు వచ్చాక, జవాబు దగ్గర రెండున్నర అని రాశావు. ఐదు పాయింట్ ఆరుని ఆరు చేశావు. పాయింట్ ఎనిమిదిని ఒకటి చేశావు. నాలుగు తప్పుల్లో ఒక్కటి కూడా తక్కువ వైపు లేదు. అన్నీ ఎక్కువ వైపే. ఎందుకమ్మా?"

"చెయ్యి దానంతటదే పోయింది మేడమ్" అందట.

"ఆ చెయ్యి ఎక్కడ నేర్చుకుందో కనుక్కో. మూడు వారాలుంది."

ఆ సాయంత్రం కొట్లో మా అమ్మాయి మిషను ఆపి, "పోనీలేవే, కొట్టుంది కదా మనకి" అంది. తల్లి ప్రేమతోనే అంది. నేను వెళ్ళి మేడమ్‌తో మాట్లాడి వస్తానన్నాను.

"నువ్వు ఆ గేటు దాటితే నేను పరీక్షే రాయను తాతయ్యా."

సరేనని పనిలో పడ్డాను. స్కూలు పిల్లాడి ప్యాంటు గుడ్డ పరిచి, కొలత ప్రకారం సుద్దతో గీత గీశాను. ఆ గీతకి బయటగా ఒక అంగుళం వదిలి ఇంకో గీత గీసి, బయటి గీత మీద కత్తెర పెట్టాను. నలభై తొమ్మిదేళ్ళుగా నా చేతికి తెలిసిన పని అది.

"ఆగు" అంది.

ఆగాను.

"బయటి గీత ఎందుకు?"

"ఎందుకేంటే, కొత్తగా అడుగుతావ్? కుట్టుకి వదలాలిగా. కుట్టుకి అర అంగుళం, పిల్లాడు లావెక్కితే విప్పుకోడానికి ఇంకో అర. నీకు నేర్పిందే నేను. తక్కువైతే గుడ్డ దండగ, ఎక్కువైతే లోపలికి మడుచుకోవచ్చు."

తను బల్ల అంచు పట్టుకుని నవ్వింది. సంతోషంతో వచ్చిన నవ్వు కాదది.

"తాతయ్యా, ఒంట్లోకి పోయిన మందుని కుట్లు విప్పి తీయలేం."

నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. అర్థమయ్యాక కత్తెర కింద పెట్టేశాను. నా కొట్లో ఎవరికీ బట్ట బిగుతైందన్న మాట రానివ్వలేదని నేను గొప్పగా చెప్పుకుంటాను. ఆ గొప్పే పిల్ల చేతిలోకి దిగి, పరీక్షలో దాని కాలికి అడ్డం పడింది. నేను దగ్గు మందు తాగేటప్పుడు కూడా మూత నిండాక పైన ఇంకో గుక్క పోసుకునేవాణ్ణి, మందు గట్టిగా పనిచేస్తుందని. అదీ తను చూస్తూ పెరిగిందే.

"ఇది నా వల్లేనే తల్లీ" అన్నాను.

"నీ వల్లే. కాబట్టి నువ్వే సాయం పట్టాలి" అంది. అదీ మా గుండుసూది.

మరుసటి రోజు నుంచి ప్రతి ఉదయం కొట్టు తెరిచేలోపు ఒక గంట పరీక్ష పెట్టుకున్నాం. సూది లేని సిరంజీలు రెండు, ఒక గ్లాసు నీళ్ళు, కటింగ్ బల్ల. నేను తన పుస్తకంలోంచి లెక్క చదివేవాణ్ణి. "డాక్టరు నూట ఇరవై మిల్లీగ్రాములు రాశాడు. సీసా మీద ఐదు మిల్లీలీటర్లలో రెండొందల యాభై అని ఉంది. ఎంత?" తను కాగితం మీద వేసి, జవాబు పైకి చెప్పి, అంత నీళ్ళు సిరంజీలోకి లాగి నా చేతికిచ్చేది. నేను భూతద్దం పెట్టి గీతలు లెక్కపెట్టేవాణ్ణి. ఆసుపత్రిలో కూడా కొన్ని మందులకి ఇద్దరు విడివిడిగా చూడాలట. నేను ఆ రెండో మనిషిని. ఐదో తరగతి చదువు పదో వంతు గీతలు చూడటానికి చాలునని ఆ మూడు వారాల్లో తెలిసింది.

మొదటి వారం తన బొటనవేలు గీత దాటేది. దాటగానే బల్ల మీద స్కేలుతో కొట్టేవాణ్ణి.

"ఎక్కువ."

"వెంట్రుకంత తాతయ్యా!"

"వెంట్రుకంతైనా సరే, పారబొయ్యి. మళ్ళీ లాగు."

పక్కనుంచి ఇస్త్రీ బాబాయి కేకేసేవాడు. "ఏం మామా, నీళ్ళు కొలిచి అమ్ముతున్నారా?"

"నీకు ఇంజక్షన్ సిద్ధం చేస్తున్నాం రా, లోపలికి రా!" అనేవాణ్ణి.

రెండో వారం తను ఒక కొత్త పద్ధతి పెట్టుకుంది. లెక్క వేశాక జవాబు కింద రెండు మాటలు రాసేది: విప్పడానికి లేదు. ఆ రెండు మాటలు రాస్తుంటే చెయ్యి ఆగి, వచ్చిన అంకె వైపు మళ్ళీ చూసేది. నేనూ పంతం పట్టాను. దగ్గు మందు గుక్కలు అప్పటికే మానేశాను, చారులో ఉప్పు కూడా చెంచాతో కొలవమన్నాను. మా అమ్మాయి నెత్తి కొట్టుకుంది. "మీ ఇద్దరి చదువూ అయ్యేసరికి నా వంట ఆసుపత్రి వంటైపోతుంది" అంది. కానీ పరీక్ష రోజు ఉదయం మిషను ముట్టుకోకుండా వీధి గుమ్మంలో నిలబడింది మా అమ్మాయే.

మేడమ్ పేపరు ఆ మధ్యాహ్నమే, రాసినవాళ్ళ ఎదురుగానే దిద్దుతుందట. మూడో ప్రయత్నానికి వచ్చింది ఇద్దరే. పదిహేడో లెక్క జవాబు ఒకటి పాయింట్ తొమ్మిది. రెండు అని రాయడానికి చెయ్యి ఎంత గుంజిందో తనకే తెలుసు. ఒకటి పాయింట్ తొమ్మిదే రాసి, కింద రెండు మాటలూ పెట్టింది. మేడమ్ అక్కడికి వచ్చి ఎర్ర కలం ఆపి అడిగిందట.

"ఇదేంటి, విప్పడానికి లేదు?"

"మా తాతయ్య దర్జీ మేడమ్."

మేడమ్ మిగతా మూడూ దిద్దింది.

కొట్టుకి వచ్చినప్పుడు గుండుసూది నా చేతిలో సుద్ద తీసుకుని కటింగ్ బల్ల మీద ఇరవై అని రాసి, కింద గీత గీసి, మళ్ళీ ఇరవై రాసింది. మా అమ్మాయి చదివి, మళ్ళీ చదివి, ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆ బల్ల మీద గుడ్డ పరవకుండా రెండు రోజులు నేల మీదే కత్తిరించాను, అంతే. ఇస్త్రీ బాబాయి తనంతట తనే చొక్కా చెయ్యి మడిచి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "ఇదిగో నర్సమ్మా, బీపీ చూడు. సూది మాత్రం వద్దు" అన్నాడు.

ఆ పరీక్ష పాసైతేనే రోగులకి మందు చేతికివ్వనిస్తారు. అందుకే ఇప్పుడు తనని వేరే ఊళ్ళో పెద్దాసుపత్రికి, పసిపిల్లల వార్డుకి ఎనిమిది వారాలు పంపారు. పసిపిల్లలకి మందంటే అన్నీ పదో వంతు గీతలే. మొన్న ఫోన్ చేసింది. మూడు కిలోల పసిగుడ్డుకి చుక్కల మందు తనే కొలిచిందట, పెద్ద నర్సు పక్కన నిలబడి చూసిందట. "ఒక్కసారికే సరిపోయింది తాతయ్యా, పారబొయ్యలేదు" అంది. ఆ మాట ఇస్త్రీ బండి దాకా వినిపించేలా నేను మళ్ళీ అన్నాను.

వెళ్ళేముందు నా బీపీ మాత్రలకి ఒక చార్టు గీసి గోడకి అంటించింది. యాభై ఆరు గడులు, రోజుకొకటి. మాత్ర వేసుకున్నాక టిక్కు పెట్టాలి. ముందు కాదు, రెండు రోజులవి కలిపీ కాదు. ఇప్పటికి ముప్పై ఎనిమిది టిక్కులు పెట్టాను. ఒక్క గడి కూడా ఖాళీ లేదు, ఒక్క మాత్ర కూడా ఎక్కువ వేసుకోలేదు. ఆఖరి గడి మాత్రం నన్ను ముట్టుకోవద్దంది. ఆ రోజు అట్టలో ఒక్క మాత్రే మిగిలి ఉండాలట. ఇంటికొచ్చి, లెక్క చూసి ఆ టిక్కు తనే పెడుతుందట. ఆ గడిలో తన చేత్తోనే తేదీ రాసి వెళ్ళింది: నవంబరు ఇరవై ఒకటి, శనివారం.