తెల్ల డబ్బాలో కలిపిన మీగడ

"ఏమే, దీంట్ల మీగడ కలిపినవా?"

"లేదు. సప్పుడు జెయ్యక తిను."

ఆయనా నేనూ చివరగా మాట్లాడుకున్నది ఇంతే. కేకు ముక్క తిని మంచం మీద ఒరిగాడు. నేను గిన్నెలు కడిగి వచ్చేసరికి మనిషిలో ఊపిరి లేదు.

నేను చెప్పింది అబద్ధం. ఆ సంగతి చెప్పాలని కూర్చుంటాను, మళ్లీ లేస్తాను. ఇప్పుడు కూడా రెండుసార్లు పొయ్యి దగ్గరికి వెళ్లొచ్చాను. పొయ్యి మీద ఏమీ లేదు. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. ఇది రాస్తున్నది నా ఆడబిడ్డ, ఆయన చెల్లెలు.

గుండెకు స్టెంట్లు వేశాక డాక్టరు నూనె, నెయ్యి, మీగడ అన్నీ బంద్ చేయించాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగిన మనిషి, సప్పిడి తిండికి అలిగి కూర్చునేవాడు. కరీంనగర్‌లో టీచరుగా ఉన్న మా బిడ్డ అక్కడి పెద్ద దుకాణంలో ఒక తెల్ల డబ్బా కొని తెచ్చింది. క్రీమ్ చీజ్ అట, కొవ్వు లేనిదట.

"నాయినకు కేకంటె పానం. దీంతోటి చెయ్యి, ఏం గాదు" అని పక్కన నిలబడి నేర్పింది. చీజ్, చక్కెర, గుడ్ల తెల్లసొన, చెంచా మైదా. మాకు ఓవెన్ లేదు. క్రిస్మస్ కేకుకు చేసినట్టే పాత గంజు గిన్నెలో ఇసుక పోసి, అందులో కేకు గిన్నె దించి, బొగ్గుల పొయ్యి మీద పెట్టి, మూత మీద నిప్పులు వేశాం.

ఆయన కొరికి చూసి, "బాయిల రబ్బరు బెల్టు ముక్క తెచ్చినవా ఏంది?" అన్నాడు. రెండోసారి బాగా గిలకొట్టాను, నీళ్లు విడిచింది.

మూడోసారి చేస్తుంటే ఆయనకు దగ్గు. షిఫ్టు దిగి వచ్చిన మనిషికి మా ఇంట్లో బెల్లం ముక్క మీద ఇంత మీగడ వేసి ఇస్తాం, గొంతులో బొగ్గు దుమ్ము దిగిపోతుందని. అన్నేళ్లూ ఇచ్చిన చెయ్యి, ఆ దగ్గు వింటే ఆగలేదు. బర్రెపాల మీగడ రెండు గంటెలు చీజ్‌లో కలిపేశాను. డబ్బాలో కొవ్వే లేదు కదా, ఈ కొంచెం కలిపితే ఏం కాదనుకున్నాను.

కేకు మెత్తగా వచ్చింది. దగ్గు కూడా తగ్గినట్టే అనిపించింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే అదే పని. బిడ్డ ఫోన్ చేసి "నాయిన తింటుండా?" అంటే, "నీ డబ్బ మంచిగుంది" అనేదాన్ని.

ఇప్పుడు ఆ పిల్ల తిండి మానేసింది. "అమ్మా, నేను తెచ్చిన డబ్బనే నాయినను తిన్నదేమో" అంటోంది. మీగడ చేసిందో, గుండె దానంతటదే ఆగిందో నాకు తెలియదు. డబ్బా తప్పు మాత్రం లేదు. బిడ్డకు ఈ కాగితం పంపాలి.

ఆడబిడ్డ కలం ఆపింది.

"వదినె, గీ మీగడ మాట తీసేద్దమా? పిల్ల ఇంక నీ మొకం సూడదు."

"సూడకపోతె సూడకపోనీ. అది కడుపుకింత తినాలె. రాసినవా? ఏది, మొదటికెల్లి సదువు. ఒక్క మాట తక్కువైనా నాకెరుకైతది."