మా అత్తను పిలిచిన సంగతి

పెనాంగులో ఓడెక్కితే మద్రాసులో దిగడానికి ఏడు రోజులు. ఆ ఏడు రోజుల్లో నేను తిన్నది తక్కువ, కక్కుకున్నది ఎక్కువ. విమానం ఉండగా మనకీ ఓడ ఖర్మేమిటండీ అని బయల్దేరకముందే మా ఆయన్ని అడిగాను. "ఇన్ని పెట్టెలు విమానంలో ఎక్కనిస్తారా?" అన్నారు. ఆ పెట్టెలైనా నావా? మా తమ్ముడికి టేపు రికార్డరు, చిన్నాన్న కూతుళ్ళకి నైలాను చీరలు, ఊళ్ళో సగంమందికి గొడుగులు. నేను బంకు మంచం మీద పడి నిమ్మకాయ వాసన చూసుకుంటుంటే ఈయన పైన డెక్కు మీద కూర్చుని ఎవరెవరితోనో పేకాట. మధ్యలో ఒకసారి వచ్చి, "గాలి ఎంత బాగుందో తెలుసా?" అన్నారు. ఒళ్ళు మండిపోయింది.

పెళ్ళయి మలేషియా వెళ్ళిన ఆరేళ్ళకి అదే మొదటిసారి రావడం. ఎనభైల మొదట్లో మాట. మా ఆయన అక్కడ పామాయిలు తోటలో గుమాస్తా. సెలవు దొరికిందని రాయగానే మా నాన్న జవాబు రాశాడు. సముద్రం దాటి క్షేమంగా వస్తున్నారు గనక ఇంటికి రాగానే పౌర్ణమినాడు దంపతులిద్దరూ సత్యనారాయణ వ్రతం చేసుకోవాలట, ఆ రోజు మనవాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి భోజనం పెట్టాలట. "అందరూ" అన్న మాట కింద గీత కూడా గీశాడు.

ఆ గీత ఎవరికోసమో నాకు తెలుసు. మా మేనత్త కోసం. నాన్నకి తల్లి లేకపోతే పెంచింది ఆవిడే. పెళ్ళి కూడా మా ఊళ్ళోనే చేసుకుని, మాకు రెండు వీధుల అవతలే కాపురం పెట్టింది. అమ్మ పొలం వెళ్ళిపోతే నాకు తలదువ్వి, అన్నం పెట్టి, అవసరమైతే రెండు తగిలించి బడికి పంపింది కూడా అత్తే. నేను వెళ్ళిన రెండో ఏడు మావయ్య పోయాడు. రాలేకపోయాను. ఉత్తరం రాశాను, అదీ సరిగ్గా ఏడవలేదు. అందుకే ఈసారి చుట్టాలంతా ఒకెత్తు, అత్త ఒకెత్తు అనుకుంటూ వచ్చాను.

మద్రాసులో రైలెక్కి, గుంటూరు నుంచి బస్సులో ప్రత్తిపాడు చేరి, అక్కణ్ణుంచి తమ్ముడు తెచ్చిన ఎడ్లబండిలో ఇంటికి చేరేసరికి సాయంత్రమైంది. మిరపకాయల రోజులు. ఊరంతా కళ్ళాలే, ఊరంతా తుమ్ములే. మర్నాడు పొద్దుటినుంచీ వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, నేను పెట్టెలు తెరుస్తూనే ఉన్నాను. అత్త రాలేదు. "రేపు వ్రతానికి వస్తుందిలే" అంది అమ్మ, నా మొహం చూడకుండా.

పౌర్ణమినాడు పీటలు వేశారు, పంతులుగారు వచ్చారు, వంటలు కావస్తున్నాయి. చిన్నాన్నలూ వాళ్ళ సంతానమూ పందిరి నిండా కూర్చున్నారు. మా నాన్న మాత్రం వీధరుగు మీద కూర్చుని, "అక్క రాకుండా మొదలుపెట్టేది లేదు" అన్నాడు. పంతులుగారు ముహూర్తమంటారు, నాన్న అక్కంటాడు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

"అసలు అత్తని పిలిచావా అమ్మా?" అని వంటింట్లోకి వెళ్ళి నిలదీశాను.

అప్పుడు అమ్మ బయటపెట్టింది. ముందురోజు కుంకుమ భరిణ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళకి బొట్టుపెట్టి పిలిచింది. అత్త వీధిలోకీ వెళ్ళింది. అత్తకి ఈ పక్కింట్లో పిలిచింది, ఆ పక్కింట్లో పిలిచింది. మధ్యలో అత్త గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆగకుండా దాటిపోయిందట. "చేతిలో భరిణతో వెళ్ళి బొట్టు పెట్టకుండా ఎట్లా నిలబడనే? పెట్టడానికి లేదాయె. ఆమెని ఏడిపించినట్టు ఉండదూ? వస్తున్నానని నువ్వు ఆమెకి ముందే ఉత్తరం రాశావుగా, అదే పిలుపనుకుంటుందిలే అని వచ్చేశా" అంది.

"బొట్టు లేకపోతే నోరు లేదా అమ్మా నీకు? 'వదినా, రా' అనడానికి భరిణ కావాలా?" అని అరిచాను. పందిట్లో వాళ్ళందరికీ వినపడే ఉంటుంది. వినపడనీ. పీటల మీద కూర్చోవలసిన పట్టుచీరతోనే రోడ్డెక్కాను.

అత్త వాకిట్లో పరిచిన మిరపకాయలు కాలితో తిరగేస్తోంది. బోసి నుదురు, బోసి చేతులు. ఆరేళ్ళలో సగమైపోయింది. నన్ను చూసి ఆగింది గానీ దగ్గరికి రాలేదు. "కొత్త చీరకి కారం అంటుతుంది, అక్కడే ఉండు" అంది.

"పద అత్తా, నాన్న నీకోసం కూర్చున్నాడు."

"ఎట్లా వస్తానే? పిలుపు ఆ ఇంటి కోడలిది. నువ్విప్పుడు ఆ ఇంటి పిల్లవి కాదు, నువ్వు పిలిస్తే చెల్లదు. నిన్న మీ అమ్మ ఇటుగా రెండుసార్లు పోయింది. నేను గుమ్మంలోనే ఉన్నా."

అప్పటికే ఒళ్ళు తెలియని కోపంలో ఉన్నాను. "మీ మర్యాదలు మండిపోనూ! పేగులు బయటికొచ్చేలా కక్కుకుంటూ నేను సముద్రం దాటి వచ్చాను. మీరీ రెండు వీధులు దాటలేరా?" అన్నాను.

అత్తకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. "నువ్వు వచ్చిన బండీ ఇటే పోయిందిగా" అంది మెల్లిగా. "అంత దూరంనుంచి వచ్చేదానికి ముండమోపిని ఎదురు రాకూడదని తలుపు నేనే వేసుకున్నాలే. సందులోంచి చూశా. చిక్కిపోయావు."

మేం వచ్చిన సాయంత్రం బండి ఈ ఇంటి ముందుకి వస్తుంటే నేను దిగబోయాను. "ముందు ఇంటికి పోదాం అక్కా, అమ్మ దిష్టి తియ్యాలి" అన్నాడు తమ్ముడు. వాడెందుకంటున్నాడో నాకు తెలుసు. తెలిసే మళ్ళీ కూర్చున్నాను. పొద్దుటినుంచీ అందరిమీదా ఎగిరిపడ్డానే, ఆ ఒక్క మాట మాత్రం నాకు గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

క్షమించమంటే అత్త తిడుతుంది. అందుకని పట్టుచీర ఎగదోపి ఆ మిరపకాయల పక్కనే చతికిలబడ్డాను. "నేను లేకుండా వ్రతం ఎట్లా చేస్తారో చూస్తా" అన్నాను. "లేవే, లేవే" అంటూ అత్త గోల. నేను కదల్లేదు.

కాసేపటికి అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతులకి శనగపిండి, మొహమంతా చెమట, భరిణా లేదు పాడూ లేదు. గుమ్మం ముందు నిలబడి ఆయాసపడుతూ, "వదినా, నా బుద్ధి గడ్డితింది. రా. నువ్వొస్తేగాని మీ తమ్ముడు అరుగు దిగడు" అంది. అంటూనే ఏడ్చేసింది. అత్త కాళ్ళు కడుక్కుని, చెంబెడు నీళ్ళు అమ్మకిచ్చి, తలుపు దగ్గరేసి మాతో వచ్చింది. వచ్చింది కదా అని ఊరుకుందా? కూరలో ఉప్పెక్కువైందని వంటవాణ్ణి సాయంత్రందాకా సాధించింది.

నెల తిరగ్గానే మళ్ళీ ప్రయాణం. బండి అత్త వీధిలోకి మళ్ళేసరికి తలుపు మూసి ఉంది. ఆపరా అన్నాను. "అక్కా, బస్సు..." అన్నాడు తమ్ముడు. "పేకాట మానుకుంటాను గానీ ఇప్పుడు దిగకే" అన్నారు మా ఆయన, మద్రాసులో ఓడ వెళ్ళిపోతుందని భయం. దూకేసి వెళ్ళి తలుపు బాదాను.

"పొమ్మా, పో. బయల్దేరేటప్పుడు నా మొహం చూడకూడదు. సముద్రం మీద పొయ్యేదానివి" అంది లోపల్నుంచి.

"ఓడ పోతే పోనీ. తలుపు తీస్తావా, నన్నిక్కడే ఉండిపొమ్మంటావా?"

బాదుతూనే ఉన్నాను. పక్కిళ్ళవాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. చివరికి గడియ తీసింది. "అరవకే, పరువు తీస్తున్నావు" అంది. ఎదురుగా నిలబడి ఆ మొహం కళ్ళారా చూసుకుని బండెక్కాను.

పెనాంగు చేరగానే అమ్మకి రాసిన ఉత్తరంలో మొదటి ముక్క ఇదే: ఓడ మునగలేదు.