ఉబ్బిన బుగ్గల మురిపెం

జబ్బు బయటపడిన రోజు ఎవరికైనా దిగులుగా ఉంటుంది. నాకు మాత్రం పండుగలా ఉండింది. పొద్దున్నే లేచి చూస్తే నా బిడ్డ సుంకమ్మ బుగ్గలు పూరీల్లా పొంగి ఉన్నాయి. చంకనేసుకుని గోడ అవతలకి పరుగెత్తాను, మా తోడికోడలు లక్ష్మక్కకు చూపించాలని.

లక్ష్మక్కకూ నాకూ ఒకే వానాకాలంలో కాన్పులు. ఆమె కొడుకు ఓబులేసు కుండలా గుండ్రంగా ఉండేవాడు, నా బిడ్డ గరిటెలా సన్నంగా. ఆ కుండను చూసినప్పుడల్లా నా కడుపులో పొయ్యి రాజుకునేది.

"సూడక్కా, మా సుంకి గూడా లావయింది. ఇంగ మీవోడొక్కడే పైల్వాను కాదులే!" అన్నాను.

ఆమె నవ్వలేదు. బిడ్డ పాదం మీద బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది.

"ఏమే, గుంట పూడకుండా ఉండాది. ఇది కండ కాదు. ఆస్పత్రికి తీసకపో."

"నా బిడ్డ లావయితే కండ్లలో నిప్పులు పోసుకుంటావేమక్కా!" అని బిడ్డను లాక్కుని వచ్చేశాను.

అంతకు కొన్ని నెలల ముందు నాకు మళ్ళీ నెల తప్పగానే, కడుపుతో ఉన్నదాని పాలు బిడ్డకు విషమని మా అత్త వేపాకు నూరి పూసి పాలు మాన్పించింది. ఆ తర్వాత పెట్టిందంతా నా గొప్పే. ఓబులేసు తిండి రాగి సంగటి, ఉలవచారు, బుడ్డల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి. మా ఇళ్ళలో వరి కూడు పండుగలకే గదా! వాడికంటే నా బిడ్డ ఒక మెట్టు పైన ఉండాలని పుట్టింటి నుంచి బియ్యం తెప్పించి, పలచగా గంజి కాచి, చక్కెర వేసి తాగించాను. పప్పు అరగదని, బుడ్డలు పైత్యమని దగ్గరికి రానీయలేదు. జుట్టు ఎర్రబడితే దొరసాని జుట్టని మురిసిపోయాను.

అయితే నా కోతి వేషాలకు పడిపడి నవ్వే పిల్ల నవ్వడం మానేసింది. కాళ్ళ మీద చర్మం పెచ్చులు లేచింది. గంజి కూడా వద్దని మొహం తిప్పుకున్న రోజు భయమేసి అనంతపురం బస్సెక్కాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కూడా పాదమే నొక్కింది. "ఇది లావు కాదమ్మా, ఎడీమా. ఒంట్లో నీరు చేరింది. క్వాషియోర్కర్ అంటారు. పప్పు, బుడ్డలు, పాలలో ఉండే ప్రోటీన్ తిండిలో లేక వచ్చింది. ఇంకా ఆలస్యం చేసుంటే దక్కేది కాదు" అంది.

స్కిమ్ మిల్క్ పౌడర్ కలిపి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టారు. విరేచనాలు పట్టుకున్నాయి. ఆపి, పలచన చేసి, మళ్ళీ మొదలుపెట్టారు. నీరు దిగేసరికి నా పూరీ కాస్తా అప్పడమైంది, ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు.

"అమ్మా, తెచ్చినప్పుడే బాగుండె గదా!" అని ఏడ్చాను.

"నీ బిడ్డ అసలు రూపం ఇదే. ఇప్పుడు పెట్టు, పెరుగుతుంది" అంది డాక్టరమ్మ.

అప్పుడే లక్ష్మక్క చూడడానికి వచ్చింది. చంకలో ఓబులేసు, వాడి చేతిలో బుడ్డలూ బెల్లమూ మెత్తగా దంచిన ముద్ద. అన్ని రోజులూ దేనికీ చెయ్యి చాపని సుంకమ్మ ఆ ముద్దను లాక్కుని నోట్లో పెట్టుకుంది. వాడు ఆస్పత్రి ఎగిరిపోయేలా ఏడ్చాడు. వాడి ఏడుపు చూసి నా బిడ్డ కిలకిలా నవ్వింది.

"తిననీలే పాపం. మావోనికి ఇంగొగటి చేసిస్తా" అంది లక్ష్మక్క.

బిడ్డ నవ్వినందుకు నా ప్రాణం లేచి వచ్చింది. ఆ ముద్ద ఆమె చేతిదైనందుకు కడుపు మండింది. రెండూ ఒకేసారి.

ఇప్పుడు సుంకమ్మ బడికి పోతోంది, దారిలో ఓబులేసును కొడుతోంది. సంగటి మాత్రం పెద్దమ్మ చేతిదే కావాలంటుంది. నేనూ అదే పిండితో కెలుకుతాను, అయినా ముద్ద వంక చూడదు. నాకు ఇంకా మండుతూనే ఉంది.

నేను మూడో తరగతితో బడి మానినదాన్ని, పెద్ద మాటలు రావు. బిడ్డ ఉబ్బినట్టు కనిపిస్తే పాదం నొక్కి చూడండి. గుంట పడితే ఆ రోజే ఆస్పత్రికి పోండి. ఇంకొకరి బిడ్డ బొద్దుగా ఉంటే కుళ్ళుకోండి, నేను వద్దనను. కాకపోతే వాడి బుగ్గలు చూసి ఆగిపోకండి. వాడి గిన్నెలోకి కూడా ఒకసారి తొంగిచూడండి.