మా ఇంట్లో రెండో ఆయన

మా ఆవిడ ఏనాడూ నా పేరు పలకలేదు. చుట్టాల దగ్గరైనా స్నేహితుల దగ్గరైనా నేను "ఆయన"ని. ఆయన పడుకున్నారు, ఆయనకి వంకాయ పడదు, ఆయనకి చెప్పి చూస్తాను. ఆ మాట మా ఇంట్లో నా ఒక్కడి సొత్తనుకుని నిశ్చింతగా ఉండేవాణ్ణి. అమెరికా వచ్చిన కొన్నేళ్లకి దానికి ఇంకో వాటాదారు బయల్దేరాడు. అతను అప్పటికే చచ్చిపోయి వందేళ్లు కావస్తోంది.

డెబ్బైల చివర షామ్‌బర్గ్ అనే ఊరికి గంట దూరంలో, నది ఒడ్డునున్న చిన్న ఊళ్లో కాపురం పెట్టాం. నాది పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు పని. అప్పటికింకా పిల్లలు లేరు. మా ఆవిడకి పగలంతా తోచేది కాదు. ఊళ్లో ఒక పాతకాలం షావుకారు ఇల్లుండేది, కింద కొట్టు, పైన కాపురం. దాన్ని మ్యూజియం చేసి, వచ్చినవాళ్లకి తిప్పి చూపించడానికి జీతం అడగని మనుషుల కోసం వెతుకుతున్నారు. వెళ్లు, కాస్త కాలక్షేపమవుతుందని పంపించింది నేనే. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో తర్వాత తెలిసింది.

మొదట్లో వారానికోసారి వెళ్లేది. తర్వాత ఎప్పుడు చూసినా అక్కడే. రాత్రి భోజనాల దగ్గర కబుర్లన్నీ షావుకారువే. ఆయన తోపుడు బండి మీద సూదులూ బొత్తాలూ ఉప్పూ అమ్ముకుంటూ ఈ ఊరొచ్చారట. ఆయన కొట్టు పెట్టాక అవతలి ఒడ్డు రైతులు పడవల మీద వచ్చి కొనుక్కెళ్లేవారట. ఒక ఏడు వరదలో పడవ బోల్తా పడి మనుషులు పోతే, ఆయన వంతెన కావాలని ఊరూరా తిరిగారట. ఎవరూ వినకపోయేసరికి తనే ఎన్నికల్లో నిలబడి గెలిచి రాష్ట్ర శాసనసభకి వెళ్లారట. అక్కడ కొట్లో బేరం చేసినట్టే మాట్లాడుతున్నాడని పెద్దమనుషులు నవ్వారట. నవ్వితే నవ్వారు, ఆయన వంతెన సాధించుకునే ఇంటికొచ్చారట.

"అంతా బాగానే ఉంది గానీ, ఈ 'ఆయన' ఏమిటి? 'వాడు' అనొచ్చుగా" అన్నాను ఒకరోజు పప్పు కలుపుకుంటూ.

"పెద్దాయన కదండీ, బాగుంటుందా?" అంది.

ఒళ్లు మండిపోయింది. ఫోన్లో "ఆయనకి పాలంటే ప్రాణం" అని ఎవరితోనో చెబుతుంటే, నేను పాలు ముట్టనే అని ఆలోచించి, నా సంగతి కాదని తెలుసుకోవాల్సిన గతి పట్టింది.

ఫ్యాక్టరీలో నాకు రావలసిన ప్రమోషన్ నా తర్వాత చేరినవాడికిచ్చారు. ఆ రోజు ఇంటికొచ్చి దుప్పటి ముసుగు పెట్టి పడుకున్నాను. ఆవిడ మంచం పక్కన కాఫీ పెట్టి, వంతెన పడ్డాక రైతులంతా దాని మీదుగా పక్క ఊరి పెద్ద కొట్లకి పోయారనీ, తర్వాతి ఎన్నికల్లో ఆయన్ని ఓడించారనీ, అయినా మర్నాడు పొద్దున్నే ఆయన ఎప్పట్లాగే కొట్టు తీశారనీ చెప్పింది. నన్ను ఓదార్చడానికే చెప్పిందని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం వాడితో పోల్చి నన్ను తీసిపారేసిందనిపించింది. కాఫీ తాగలేదు.

ఆ కసితోనే వేరే ఉద్యోగం వెతుక్కున్నాను. హ్యూస్టన్‌లో దొరికింది. వేసవి చివర్లో వెళ్లిపోతున్నామని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయింది. ఆ ఆదివారం జెర్సీ సిటీలో ఉన్న వాళ్లక్కతో ఫోన్లో మాట్లాడుతుంటే నా చెవిన పడింది.

"ఆయన్ని వదిలేసి నేనెక్కడికి పోతాను అక్కా?"

ఏ ఆయన్ని? గుమ్మంలో నిలబడిపోయాను. అడగడానికి సిగ్గేసింది. వారమంతా ఆ ఒక్క మాటా నన్ను తొలిచేసింది. హ్యూస్టన్‌కి నేనొక్కణ్ణే వెళ్లాల్సి వస్తుందేమోనని మొదటిసారి భయపడ్డాను. శనివారం, అన్నాళ్లలో ఒక్కసారైనా తొంగిచూడని ఆ షావుకారు ఇంటికి బయల్దేరాను, వాడి మొహం చూద్దామని.

వాడి పటం కొట్టు గోడకి వేలాడుతోంది. బట్టతల, దొప్పచెవులు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. దాని కింద మా ఆవిడ, చీర మీద స్వెటర్ వేసుకుని, చుట్టూ చేరినవాళ్లకి కథ చెబుతోంది. ఇంటికి ఎవడైనా అమెరికన్ ఫోన్ చేస్తే రిసీవర్ నా చేతిలో పెట్టేసే మనిషి, గడగడా ఇంగ్లీషులో మాట్లాడుతోంది, జోకులేస్తోంది. ఒక ముసలాయన కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. ఆవిడలో ఈ మనిషిని నాకెప్పుడూ చూపించలేదు, ముక్కూమొహం తెలియనివాళ్లకి చూపిస్తోంది. ఆ ముసలాయన్ని చూసి కూడా కుళ్లుకున్నాను.

ఉండబట్టలేక, నేనూ ఓ సందర్శకుణ్ణయినట్టు, షావుకారు రాజధానికి వెళ్లినప్పుడు ఆయన భార్య కూడా వెళ్లిందా అని ఇంగ్లీషులోనే అడిగాను. మా ఆవిడ తడబడలేదు. వెళ్లలేదని చెప్పింది. ఆయన లేనన్నాళ్లూ ఈ కొట్టు నడిపింది ఆ ఇల్లాలేననీ, ఎన్నికల్లో నిలబడుతున్న సంగతి ఆవిడకి ఊళ్లోవాళ్ల ద్వారా తెలిసిందనీ, ఆయనలో తనకి, అంటే మా ఆవిడకి, నచ్చనిది అదొక్కటేననీ చెప్పింది.

వాళ్లంతా పెరడు చూడ్డానికి వెళ్లాక ఇద్దరమే మిగిలాం.

"మీరూ అంతేనండి. అడగలేదు, అనౌన్స్ చేశారు" అంది.

"సరే, ఇప్పుడు అడుగుతున్నాను. హ్యూస్టన్ వెళ్దామా?"

"నాకు వెళ్లాలని లేదు."

"వీడి కోసమా?" పటం వైపు చూపించాను.

"ఆయనదేముందండీ, పోయినాయన. ఇక్కడ నన్ను నా పేరుతో పిలుస్తారు. తెలియనిదుంటే నన్నే అడుగుతారు. ఈ దేశంలో ఇంకెక్కడికెళ్లినా నేను మీ వెనకాల నిలబడ్డ మనిషినే."

"మరి ఆ రోజు అక్కతో ఫోన్లో అన్నది?"

"మిమ్మల్నే. ఆయన్ని వెళ్లనీ, నువ్వు ఉండిపో అంది అక్క. నా వల్ల కాదన్నాను. మీరు వెళ్తే మీ వెంటే వస్తాను. అడిగారు కాబట్టి ఇష్టం లేదని చెప్పాను, అంతే."

పెరట్లోంచి ఎవరో ఆవిడని పేరు పెట్టి పిలిచారు. ఈ ఊళ్లో నేను తప్ప ఎవరూ పిలవరనుకున్న పేరు, అక్షరం తప్పు పోకుండా పలికారు. వస్తున్నానని ఆవిడ వెళ్లిపోయింది.

సోమవారం హ్యూస్టన్ వాళ్లకి ఫోన్ చేసి రానని చెప్పాను. కారణమేమిటని అడిగారు. మా ఆవిడకి ఇక్కడ ఉద్యోగముందన్నాను. ఏం ఉద్యోగమని వాళ్లు అడగలేదు. అడిగితే చెప్పడానికి ఎదురుచూస్తూ కాసేపు ఫోన్ పట్టుకునే నిలబడ్డాను.