ఫెర్రెట్ల అక్క

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో నా పక్క గదిలో ఉండే వరంగల్ అక్క రెండు ఫెర్రెట్లను పెంచేది. ముంగిసల్లాంటి సన్నని జంతువులవి. మా బిల్డింగులో వాటిని పెంచకూడదని రూలు. ఎవరో ఫిర్యాదు చేయడంతో, వారంలో పంపించేయమని యజమాని ఉత్తరం రాశాడు. అక్క రూలు మార్చమని అర్జీ రాసి, సంతకాల కోసం నన్ను వెంటబెట్టుకుని ప్రతి తలుపూ తట్టింది.

చివరికి, ఫిర్యాదు చేసిన కింది వాటా ముసలావిడ మిగిలింది.

"కరుస్తాయా?" అని జర్మన్‌లో అడిగిందావిడ.

"అప్పుడప్పుడు కరుస్తాయి," అంది అక్క. ఇక సంతకం రాదనుకున్నాను.

ఆవిడ తలుపేసుకుంది. మేం మెట్లెక్కుతుంటే కళ్లజోడు పెట్టుకుని తిరిగొచ్చి, అర్జీ అంతా చదివి సంతకం పెట్టింది. అన్ని సంతకాలూ చూశాక యజమాని రూలు మార్చాడు.

"కరవవని చెప్తే సరిపోయేదిగా అక్కా?" అన్నాను.

"రేపు కరిస్తే ఆమె మొఖం ఎట్ల చూస్తనే?" అంది.