ప్రార్థన కోసం ఆగిన ఎర్ర బటన్

నవ్వుతరని తెలుసు, అయినా చెప్త. రెండు నెలల కింద షామీర్‌పేటల నలుగురు పెద్దమనుషుల ముప్పై ఏండ్ల ఆశను ఒక్క గంటల మట్టిల కలపబోయిన. నేనే. చేసింది గూడ ఏం లేదు, ఒక్క బటన్ ఒత్తలే, గంతే. ఛాయ్ పట్టుకోండ్రి, మొదటికెల్లి చెప్త.

మా బాపుది మేడ్చల్‌ల మైక్‌సెట్ అని మీకెరికే. పెండ్లయినా, బోనాలైనా, ఎలక్షన్ మీటింగైనా మా స్పీకర్లే. పదో తరగతి తప్పినంక ఆయన దగ్గరనే పని నేర్చుకున్న. బాపుకు ఒకటే రూలు. స్టేజి మీద ఎవరేం వాయించనీ, ఎంతసేపన్న వాయించనీ, ప్రార్థన పాట పాడేదాంక అదంత టెస్టింగే. ప్రార్థన అయితెనే ప్రోగ్రాం షురూ అయినట్టు, అప్పుడే రికార్డింగ్ బటన్ ఒత్తాలె. ముందుగాల ఒత్తితె 'హలో హలో మైక్ చెక్'తోనే సగం క్యాసెట్ నిండుతది. పదిహేనేండ్ల సంది గీ రూలు తప్పలే, గీ రూలుతోని నాకు ఎన్నడు నష్టం గాలె.

కొంపల్లిల మూర్తి సార్ అని ఉన్నరు. కాకినాడ దిక్కు మనిషి, బ్యాంకుల రిటైరయిండ్రు. వాళ్ల కాలనీ వినాయకుడికి ప్రతి ఏడు మైకు పెట్టేది మేమే. ఒకరోజు ఇంటికి పిలిచి కూసోబెట్టిండ్రు.

"యాదగిరీ, మేం నలుగురు స్నేహితులం కలిసి ఒక ఆల్బమ్ చేస్తున్నామయ్యా. జాజ్ అంటారు. అమెరికా వాళ్ల పాత పాటలు, అందరికీ తెలిసినవే. పాట పాతదేగానీ వాయించడం మాత్రం ప్రతిసారీ కొత్త. ఒకసారి వచ్చింది మళ్లీ అలా రాదు. అందుకే అందరం ఒకే గదిలో కూర్చుని ఒక్కసారే వాయించేస్తాం."

అందరికీ తెలిసిన పాటలంటే నాకు ఒక్కటి తెల్వదు. తలకాయ మాత్రం ఊపిన.

ఆ నలుగురు ఎవరంటే, పియానో మూర్తి సార్. పాట గ్రేస్ మేడం, సికింద్రాబాద్‌ల ఉంటది, అరవై దాటినయి. డ్రమ్ములు నాగారం ఆయన. ఇంకొకాయన జోసెఫ్ సార్, మద్రాస్ కెల్లి వచ్చిండు. ఆయన వాయించేది వయొలిన్ తీర్గనే ఉంటది గాని నిలబడితె మనిషంత ఎత్తు, వేళ్లతోని గుంజుతడు. వయసుల ఉన్నప్పుడు నలుగురు కలిసి ఒక హోటల్‌ల వాయించిన్రంట. తర్వాత చెట్టుకొకరు పుట్టకొకరు అయిన్రు. ఇన్నేండ్లకు మళ్ల కలిసిన్రు, అదీ ఒక్క ఆదివారం కోసం. సోమవారం గ్రేస్ మేడంకు గొంతు ఆపరేషన్. తర్వాత మాట వస్తది గాని పాట సంగతి చెప్పలేమన్నడంట డాక్టర్. జోసెఫ్ సార్‌కు ఆ సాయంత్రమే రైలు.

షామీర్‌పేటల సార్ దోస్తు గెస్ట్‌హౌస్ ఉంది, అండ్ల పెద్ద పియానో ఉంది. మధ్యాహ్నం పోయి మైకులు పెట్టిన. సార్ కొత్తగ కొన్న రికార్డింగ్ మిషన్ చూపెట్టి, "మా నలుగురి చేతులూ ఖాళీ ఉండవు. ఈ ఎర్ర బటన్ నీ బాధ్యత. మొదలవగానే నొక్కు. ఆరు పాటలు ఆపకుండా వాయిస్తాం, మధ్యలో నోరు మాత్రం తెరవకు," అన్నరు. ఇన్‌కమింగ్‌కు గూడ బిల్లు పడుతదని సార్ ఎప్పుడు బంద్ పెట్టుకునే సెల్లు, ఆరోజు ఏకంగ కార్లనే వదిలిపెట్టి వచ్చిండ్రు. మొదలవుడు అంటె ఏందో నాకు తెల్వదా? దుమ్ము పడకుండ మిషన్ మీద నా టవల్ కప్పి పక్కన స్టూలు మీద కూసున్న.

సార్ పియానో మీద ఏదో మంచిగనే ఎత్తుకున్నరు. రెండు నిమిషాలకు అది ఇడిసిపెట్టి ఎటో పోయిన్రు. వేళ్లు సాపు జేసుకుంటున్నరు అనుకున్న. డ్రమ్ములాయన కట్టెలు మర్చిపోయినట్టుండు, చిన్న చీపురు కట్టల తీర్గ ఏందో పట్టుకొని డ్రమ్ము మీద రుద్దుతుండు. తుడుస్తుండు పాపం అనుకున్న. అందరు ఆపిన్రు, జోసెఫ్ సార్ ఒక్కడే తీగలు గుంజుతుండు, మిగతా ముగ్గురు కండ్లు మూసుకొని ఇంటున్నరు. శృతి సూస్తున్నరు అనుకున్న. గ్రేస్ మేడం ఇంగ్లీషుల రెండు లైన్లు పాడి, ఒక్కసారే "డూబి డూబి షబి డూ" అని అందుకుంది. గిది మాత్రం నాకు సాఫ్‌గ అర్థమైంది. మనం హలో హలో అంటం, వాళ్లు డూబి డూబి అంటరు. మైక్ మంచిగ పలుకుతుందని ఆమెకు బొటనవేలు లేపి చూపెట్టిన. ఆమె నవ్వి ఇంకింత హుషారుగ డూబి డూబి అన్నది.

గిట్ల గంటసేపు. ఇంత శ్రద్ధగ టెస్టింగ్ చేసేటోళ్లను నేను జన్మల చూడలే. షామీర్‌పేట చౌరస్తల కొన్న మిర్చి బజ్జీలు జేబుల ఉంటె, చప్పుడు గాకుండ నాలుగు తిన్న.

ఆఖరికి మేడం చానా మెల్లగ ఏదో పాడి ఆపింది. ఎవరు కదలలే. మేడం కండ్లు తుడుచుకుంది. జోసెఫ్ సార్ ఆ పెద్ద వయొలిన్‌ను అట్లనే పట్టుకొని నిలబడ్డడు. మూర్తి సార్ లేచి వచ్చి మేడం చేతులు పట్టుకున్నరు. నాకు మస్తు సంబరమైంది, ఇగ ప్రోగ్రాం షురూ జేస్తరని.

"టెస్టింగ్ అయిపోయిందా సార్? ఇగ ప్రార్థన పాడుండ్రి, బటన్ ఒత్తుత," అన్న.

సార్ నా దిక్కు చూసిండ్రు. తర్వాత టవల్ దిక్కు. వచ్చి టవల్ తీసిండ్రు. ఎర్రలైట్ లేదు.

"ఏమయ్యా... నొక్కలేదా?"

"ప్రార్థన గాలె గద సార్."

మీతోని అబద్ధమెందుకు, ఆ రూంల ఉన్న ఐదుగురిల ఏమైందో తెల్వనిది నాకొక్కనికే, అది అప్పుడు తెలిసింది. సార్ తిడ్తె బాగుండు. తిట్టలే. పియానో స్టూలు మీద కూలబడ్డరు. డ్రమ్ములాయన చీపుర్లు కిందపెట్టిండు. గ్రేస్ మేడం నా దిక్కు చూసి, "యాదగిరి, యే క్యా కర్దియా రే, ఎంత పని చేసినవ్," అన్నది. కోపం లేదు గొంతుల. గందుకే ఏడుపొచ్చింది నాకు. ఆమె కాళ్ల మీద పడబోయిన. "ఉఠ్ ఉఠ్, కాళ్లు కాదు బేటా, మిషన్ చూడు," అని లేపింది.

జోసెఫ్ సార్ వాచీ చూసిండు. "వన్ అవర్ ఉంది. నాలుగు పాటలు అవుతుంది," అన్నడు.

మేడం వేడినీళ్లు అడిగింది. ఉరికి తెచ్చిన. మూర్తి సార్ పియానో ముంగట కూసొని నాకు రెండు చేతులెత్తి దండం పెట్టిండ్రు. "ఇదే ప్రార్థన అనుకో నాయనా. నొక్కు."

ఒత్తిన. ఒత్తిన వేలు నాలుగు పాటలు అయ్యేదాంక తియ్యలే. వేలు తీసినా నడుస్తదని తెలుసు, అయినా తియ్యలే. మూడో పాటల మేడం గొంతు జీరపోయింది. ఒక్క క్షణం ఆపి, ఆ జీర గొంతుతోనే పాడింది. డూబి డూబి మాత్రం ఈసారి అనలే.

జోసెఫ్ సార్‌కు రైలు దొరికింది. మేడం ఆపరేషన్ మంచిగనే అయింది, మాట్లాడుతుంది. పాట ఇంకా లేదు. మొన్న సార్ ఇంటికి పోతె సీడీ ఇచ్చిండ్రు, నాలుగు పాటలు. మంచిగొచ్చిందా సార్ అని అడిగిన. "వచ్చిందయ్యా," అని నా భుజం మీది టవల్ దిక్కు చూసి, "మొదటిది ఇంకా బాగుంది," అన్నరు. ఆ మొదటిదాన్ని వాళ్లు గాక కూసొని విన్నోన్ని లోకంల నేనొక్కన్నే. వినుకుంట నేనేం చేసిన్నో చెప్పిన గద, బజ్జీలు తిన్న.

సీడీ ఇంటికి తెచ్చి ప్లేయర్‌ల పెట్టిన. బాపు గోడకు ఒరిగి కూసొని కండ్లు మూసుకొని ఇన్నడు, నాలుగు పాటలు, మొదటికెల్లి ఆఖరుదాంక. మూడో పాటల మేడం గొంతు జీరపోయిన కాడ మాత్రం కండ్లు తెరిసి మళ్ల మూసిండు. నా పాణం నెమ్మదించింది, బాపుకన్న సమజయిందని. సీడీ ఆగింది. బాపు తలకాయ ఊపిండు.

"ఆమె గొంతు మస్తున్నది రా. టెస్టింగ్ గింత మంచిగ చేసినోళ్లు అసలు పాట ఎట్ల పాడుతరో. ఇగ ప్రార్థన పెట్టు."